డయల్‌అప్ వేగం కోసం ఫోన్ లైనులో ఏది సరిచేయాలి? మార్గాల పోలిక, ఎంపిక సలహా

ఫోన్ లైను ద్వారా ఇంటర్నెట్‌కు కలిపే డయల్‌అప్ మోడెమ్ మీద 56 కె అని, అంటే సెకనుకు 56,000 బిట్లు అని రాసి ఉంటుంది. డయల్ చేశాక తెర మీద 31,200 అనో 26,400 అనో కనిపిస్తుంది. ఈ తేడా ఎందుకని అడిగితే సలహాలకు కొదవ ఉండదు. పారలల్ ఫోన్లు, అంటే అదే లైనుకు కలిపిన అదనపు ఫోన్లు తీసేయమని ఒకరు, ఇంట్లో వైరింగు మార్చమని ఒకరు, ఫోన్ కంపెనీకి ఫిర్యాదు చేయమని మరొకరు, మోడెమ్ కమాండ్లు సరిచూడమని ఇంకొకరు చెబుతారు. ఈ సలహాలన్నీ ఎక్కడో ఒకచోట పనిచేసినవే. అయితే ఒక్కొక్కటి ఒక్కో రకం లోపానికి మందు కాబట్టి, లోపం ఎక్కడుందో తేల్చుకోకుండా ఎంచుకుంటే నొప్పి ఒకచోట, మందు మరోచోట అవుతుంది. రాగి తీగ తప్ప వేరే ఆధారం లేని చోట ఇంటర్నెట్ వాడేవారికి, మారుమూల పరికరాలను మోడెమ్ ద్వారా పలకరించేవారికి, పాత కంప్యూటర్లను ప్రేమగా నడిపించుకునేవారికి ఈ ఎంపిక ఇప్పటికీ ఎదురవుతూనే ఉంటుంది. అందుకే ముందు కొలమానాలు, ఆ తరువాత ఒక్కో మార్గం, చివర ఎవరికి ఏది తగునన్న సలహా ఇస్తున్నాను.

## లైను సంగతి ఆ సంఖ్యలోనే ఉంది

కనెక్ట్ అయినప్పుడు మోడెమ్ చెప్పే సంఖ్యను చాలామంది మార్కుల్లా చూస్తారు: ఎక్కువ వస్తే సంతోషం, తక్కువ వస్తే దిగులు. నిజానికి ఆ సంఖ్య లైను ఎలాంటిదో కూడా చెబుతుంది. మోడెమ్‌లు పరస్పరం మాట్లాడుకునే పద్ధతిని నిర్ణయించే ప్రమాణాల్లో, 1994లో వచ్చిన వి.34 మొదట సెకనుకు 28,800 బిట్ల దాకా, 1996 నాటి సవరణతో 33,600 బిట్ల దాకా వెళ్లింది. అందులో వేగాలు 2,400 చొప్పున మెట్లెక్కుతాయి. 1998లో వచ్చిన వి.90లో 28,000 నుంచి 56,000 వరకు ఉన్న మెట్లు దాదాపు 1,333 చొప్పున ఉంటాయి. కాబట్టి 26,400, 28,800, 31,200, 33,600 కనిపిస్తే మీ మోడెమ్ వి.34లో మాట్లాడుతోందని, 41,333, 45,333, 49,333 వంటివి కనిపిస్తే వి.90 లేదా దాని తరువాతి వి.92లో మాట్లాడుతోందని అర్థం.

ఈ తేడా ఎందుకు ముఖ్యమో చెప్పాలంటే ఎక్స్ఛేంజీ దగ్గరికి వెళ్లాలి. మీ తీగ చేరే అక్కడి పరికరం, అంటే లైన్ కార్డు, తీగ మీది ధ్వనిని సెకనుకు 8,000 సార్లు కొలిచి, ఒక్కో కొలతను 8 బిట్లుగా మారుస్తుంది. అంటే మొత్తం 64,000 బిట్లు. సర్వీసు ప్రొవైడర్ పరికరం డిజిటల్ లైను మీదే ఉండి, అనలాగ్ మార్పిడి మీ ఎక్స్ఛేంజీ దగ్గర ఒక్కసారే జరిగితేనే వి.90 సాధ్యమవుతుంది. మధ్యలో ఆఫీసు పీబీఎక్స్ (లోపలి ఫోన్లను కలిపే స్విచ్చు) గానీ, ఒకే తీగ జత మీద ఇద్దరు చందాదారులను నడిపే పెయిర్ గెయిన్ పరికరం గానీ ఉండి మార్పిడి రెండుసార్లు జరిగితే, మోడెమ్ వి.34కు దిగిపోతుంది. అక్కడ పైకప్పు కఠినమైనదే: 3,100 హెర్ట్జ్ వెడల్పు, 35 డెసిబెల్ల సిగ్నల్–శబ్ద నిష్పత్తి ఉన్న దారిలో సిద్ధాంతం అనుమతించేది సుమారు 36,000 బిట్లు మాత్రమే. ఎన్ని కమాండ్లు మార్చినా ఆ గోడ కదలదు.

ఒక హెచ్చరిక. తెర మీద 115,200 అని కనిపిస్తే అది కంప్యూటరుకూ మోడెమ్‌కూ మధ్య ఉన్న పోర్టు వేగం, లైను వేగం కాదు. చాలా మోడెమ్‌లలో డబ్ల్యూ2 (W2) అనే సెట్టింగును, మోడెమ్‌కు ఆదేశాలిచ్చే ఏటీ (AT) కమాండుకు చేర్చితే అసలు లైను వేగం కనిపిస్తుంది. పోలిక మొదలుపెట్టే ముందు ఇది సరిచూసుకోకపోతే తరువాత చేసే కొలతలన్నీ వృథా.

## ఏ కొలమానాలతో తూచాలి

మొదటిది, లోపం ఎవరి హద్దులో ఉంది అన్నది. ఫోన్ కంపెనీ తీగ మీ గోడ మీద ముగిసే పెట్టె దాకా వారిది, దాని తరువాత మీది. మీ వైపు లోపాన్ని మీరే ఒక పూటలో సరిచేసుకోవచ్చు. వారి వైపు లోపానికి ఓపిక, ఆధారాలు రెండూ కావాలి.

రెండవది నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది: కనెక్ట్ అయిన క్షణంలో కనిపించే వేగం కాదు, గంటసేపట్లో నిజంగా దిగిన డేటా ఎంత అన్నది. లైను మీద శబ్దం పెరిగినప్పుడు రెండు మోడెమ్‌లూ పని ఆపి మళ్లీ ఒకదాన్నొకటి కొలుచుకుంటాయి. దీన్ని రీట్రెయిన్ అంటారు. ఆ సమయంలో ఒక్క అక్షరం కూడా కదలదు, ఒక్కొక్కసారి అది పది సెకన్లు దాటుతుంది. లెక్క చూడండి: ఒక మెగాబైట్ ఫైలు 49,333 వేగంతో ఆదర్శంగా 170 సెకన్లలో, 45,333 వేగంతో 185 సెకన్లలో దిగుతుంది. తేడా 15 సెకన్లు. ఆ మధ్యలో రెండు రీట్రెయిన్లు జరిగితే ఎక్కువ వేగం కలిగిన కనెక్షనే వెనకబడుతుంది.

మూడవది స్థిరత్వం, అంటే లైను ఎంతసేపు తెగకుండా నిలుస్తుంది, వాన పడినప్పుడు ఎలా ఉంటుంది అన్నది. మిగిలినవి శ్రమ, ఖర్చు, చేసిన మార్పును వెనక్కి తీసుకోగల వీలు. అద్దె ఇంట్లో ఉన్నవారికి ఈ చివరిదే నిర్ణాయకం కావచ్చు.

## ఎంచుకునే ముందు అరగంట పరీక్ష

కంపెనీ తీగ ఇంట్లోకి వచ్చే మొదటి పెట్టె దగ్గరికి వెళ్లండి. కొన్ని పెట్టెల్లో పరీక్ష కోసమే ఒక సాకెట్ ఉంటుంది. దానిలో ప్లగ్ పెట్టగానే ఇంటి లోపలి వైరింగు మొత్తం విడిపోతుంది. అలాంటిది లేకపోతే, మీ హద్దులో ఉన్న మొదటి సాకెట్ నుంచి లోపలికి వెళ్లే జతను విప్పి పక్కన పెట్టాలి. తీగల మీద మామూలు వేళ 48 వోల్టుల డీసీ ఉంటుంది కానీ, ఫోను మోగినప్పుడు 75 నుంచి 90 వోల్టుల ఏసీ వస్తుంది కాబట్టి రాగిని చేత్తో తాకకూడదు. ఉరుములు మెరుపులు ఉన్నప్పుడు ఈ పని అసలే వద్దు.

మొదట తీగతో నేరుగా కలిసే మామూలు ఫోను పెట్టి వినండి. రిసీవర్ ఎత్తి ఏదైనా ఒక అంకె నొక్కితే డయల్‌టోన్ ఆగిపోయి కొన్ని సెకన్లు నిశ్శబ్దం వస్తుంది. ఆ నిశ్శబ్దంలోనే లైను అసలు గుణం బయటపడుతుంది. సన్నగా, నిలకడగా బుస్సుమనే శబ్దం ఒక మోతాదు వరకు సహజం. గుమ్మని లోతైన హమ్ వినిపిస్తే జతలోని రెండు తీగల్లో ఒకటి భూమి వైపు ఒరిగిందని, అంటే సమతౌల్యం చెడిందని భావించవచ్చు. పొడి ఆకులు నలిగినట్లు గరగరమంటే ఎక్కడో జాయింటు వదులైందనో, చిలుము పట్టిందనో అనుమానించాలి. దూరంగా ఇంకెవరిదో మాట వినిపిస్తే అది క్రాస్‌టాక్.

తరువాత చిన్న తీగతో మోడెమ్‌ను అక్కడే తగిలించి, ఒకే నంబరుకు అయిదుసార్లు డయల్ చేసి, వచ్చిన వేగాలను రాసుకోండి. అదే పని మామూలుగా మోడెమ్ ఉండే గదిలో చేయండి. కనెక్షన్ ముగిశాక మోడెమ్‌లో దాచిన నివేదికను కూడా చదవాలి: యూఎస్ రోబోటిక్స్ మోడెమ్‌లలో ఏటీఐ6, ఏటీఐ11 కమాండ్లు, ల్యూసెంట్ చిప్ ఉన్నవాటిలో ఏటీఐ11 ఈ పని చేస్తాయి. మళ్లీ పంపాల్సి వచ్చిన బ్లాకులు ఎన్ని, రీట్రెయిన్లు ఎన్ని అన్నవి అందులో ఉంటాయి. యూఎస్ రోబోటిక్స్‌లోనే ఏటీవై11 ఇస్తే 150 నుంచి 3,750 హెర్ట్జ్ దాకా ఏ ఫ్రీక్వెన్సీలో సిగ్నల్ ఎంత వచ్చిందో వరుసగా కనిపిస్తుంది. పై చివరలో అంకెలు ఒక్కసారిగా కూలిపోతే తరువాత చెప్పబోయే లోడింగ్ కాయిల్స్ గుర్తుకు రావాలి.

మొదటి పెట్టె దగ్గర వేగం బాగుండి గదిలో పడిపోతే లోపం మీ ఇంట్లోనే ఉంది. కింద చెప్పే మొదటి మూడు మార్గాలు మీకోసం. రెండుచోట్లా ఒకేలా తక్కువగా ఉంటే ఇంటి వైరింగు మీద రూపాయి కూడా పెట్టవద్దు.

## మొదటి మార్గం: పారలల్ పరికరాలు తగ్గించడం

ఫోను కిందపెట్టి ఉన్నప్పుడు కూడా దానిలోని రింగర్ సర్క్యూట్ లైనుకు అడ్డంగా కలిసే ఉంటుంది. ఆన్సరింగ్ మెషీను, ఫ్యాక్స్, కార్డ్‌లెస్ ఫోను బేస్, కాలర్ ఐడీ పెట్టె, దొంగల అలారం ప్యానెల్ అన్నీ ఇదే జత మీద వేలాడుతుంటాయి. ఒక్కొక్కటీ కొంచెం కెపాసిటెన్స్‌ను (పై ఫ్రీక్వెన్సీలను మింగే గుణం), కొంచెం ప్రతిధ్వనిని చేరుస్తుంది. నాసిరకం అడాప్టరు ఉన్న పరికరం హమ్‌ను కూడా తెస్తుంది.

ఈ మార్గానికి ఖర్చు లేదు, వెనక్కి తీసుకోవడం ఒక ప్లగ్ పని. అన్నీ ఒకేసారి తీసేసి వేగం చూసి, తరువాత ఒక్కొక్కటి తిరిగి పెడుతూ డయల్ చేస్తే దోషి దొరుకుతుంది. చాలాసార్లు ఒక్క పరికరమే కారణమవుతుంది కాబట్టి అన్నిటినీ వదులుకోనక్కరలేదు. అయితే అలారం ప్యానెల్‌ను శాశ్వతంగా తీసేసి వేగం సంపాదించడం నేను ఎవరికీ సలహా ఇవ్వను. దానికి బదులు రెండో మార్గంలో చెప్పినట్లు మోడెమ్‌కు విడిగా తీగ లాగడం మేలు.

బ్రిటిష్ తరహా సాకెట్లు ఉన్నచోట ఇంకో సంగతి ఉంది. వాటిలో గంట కోసం మూడో తీగ ఒకటి 3వ టెర్మినల్ నుంచి ఇల్లంతా తిరుగుతుంది. అది జతగా మెలిపడని ఒంటరి తీగ కాబట్టి యాంటెన్నాలా శబ్దాన్ని పట్టి లైనులోకి వదులుతుంది. ఇప్పటి ఫోన్లలో చాలావాటికి దాని అవసరం లేదు. మీ హద్దులోని సాకెట్లలో దాన్ని విప్పి, ఫోన్లు మోగుతున్నాయో లేదో చూసుకుంటే చాలు.

## రెండవ మార్గం: ఇంటి వైరింగు మార్చడం

ఈ విషయంలో ఒక అపోహ బలంగా ఉంది: లావు తీగ వేస్తే వేగం పెరుగుతుందని. ఎక్స్ఛేంజీ నుంచి మీ ఇంటికి 0.4 మిల్లీమీటర్ల తీగ నాలుగు కిలోమీటర్లు వచ్చిందనుకుందాం. కిలోమీటరుకు రానుపోను సుమారు 280 ఓముల చొప్పున అది 1,120 ఓములు. మీ ఇంట్లోని ముప్పై మీటర్ల 0.5 మిల్లీమీటర్ల తీగ నిరోధం 6 ఓములకు లోపే. ఆ ఆరింటిని మూడు చేసుకున్నంత మాత్రాన మోడెమ్ గుర్తించదు.

వైరింగు వల్ల ప్రయోజనం వచ్చేది వేరే రెండు చోట్ల. ఒకటి, మెలికలు లేని చదును తీగ స్థానంలో మెలితిప్పిన జత తీగ వేసినప్పుడు. మెలికల వల్ల రెండు తీగలూ బయటి శబ్దాన్ని సమానంగా పట్టి, ఆ రెండూ పరస్పరం రద్దయిపోతాయి. చదును తీగలో ఆ రక్షణ ఉండదు. ముఖ్యంగా రెండు ఫోన్ లైన్లు ఒకే నాలుగు తీగల చదును కేబుల్‌లో నడుస్తుంటే ఒకదాని రింగు రెండోదాని డేటాను చెడగొడుతుంది. రెండు, చెడిన జాయింట్లు పోయినప్పుడు. పాత సాకెట్ మూత విప్పి చూస్తే స్క్రూ కింద రాగి ఆకుపచ్చగా చిలుము పట్టి, తీగ చివర నల్లబడి, వేలితో కదిపితే ఊగుతూ కనిపించవచ్చు. ఆ చివరను కత్తిరించి, కొత్త రాగిని ఒలిచి, గట్టిగా బిగించడమే మొత్తం వైరింగు మార్చినంత ఫలితం ఇవ్వవచ్చు.

కాబట్టి ఈ మార్గం ఎంచుకునేవారు ఇల్లంతా తవ్వించనక్కరలేదు. మొదటి పెట్టె నుంచి మోడెమ్ ఉన్న గదికి, మధ్యలో ఏ సాకెట్‌నూ తాకకుండా, ఒకే ఒక మెలిజత తీగను నేరుగా లాగితే చాలు. కరెంటు తీగల పక్కన సమాంతరంగా నడపకుండా, దాటవలసి వస్తే అడ్డంగా దాటించాలి. పారలల్ ఫోన్లన్నీ పాత వైరింగు మీదే ఉండవచ్చు, అయితే శబ్దానికి మూలం అక్కడే ఉందని పరీక్షలో తేలితే కాల్ సమయంలో ఆ శాఖను విడదీసే స్విచ్చు పెట్టుకోవచ్చు.

## మూడవ మార్గం: ఫిల్టర్లు, సర్జ్ ప్రొటెక్టర్లు

దీని గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే చాలా సందర్భాల్లో ఇక్కడ చేయవలసింది తీసేయడమే. డీఎస్ఎల్ (అదే రాగి తీగ మీద నడిచే బ్రాడ్‌బ్యాండ్) ఫిల్టర్లు, డీఎస్ఎల్ లేని లైనులో డయల్‌అప్‌కు ఏ మేలూ చేయవు. సర్జ్ ప్రొటెక్టర్లలోని వారిస్టర్లు (అధిక వోల్టేజీని మళ్లించే భాగాలు) కొన్ని పిడుగుల తాకిడి తరువాత లీకేజీ పెంచుకుని లైనును బరువెక్కిస్తాయి. అది లేకుండా ఒకసారి డయల్ చేసి చూడండి. వేగం పెరిగితే దాన్ని మార్చాలి, పూర్తిగా మానేయకూడదు. గ్యాస్ ట్యూబు ఆధారిత ప్రొటెక్టర్లకు కెపాసిటెన్స్ చాలా తక్కువ కాబట్టి వాటినే ఎంచుకోవడం మంచిది. చుట్టుపక్కల రేడియో ప్రసారం ఫోనులో వినిపిస్తుంటే మాత్రం రేడియో శబ్దాన్ని ఆపే చిన్న ఫిల్టరు నిజంగా పనికొస్తుంది.

## నాలుగవ మార్గం: ఫోన్ కంపెనీ చేత లైను సరిచేయించడం

మొదటి పెట్టె దగ్గర కూడా వేగం తక్కువగా ఉన్నవారికి అసలు ఆశ ఇక్కడే ఉంది, అసలు కష్టం కూడా ఇక్కడే ఉంది. ఫోన్ కంపెనీలు సాధారణంగా మాట స్పష్టంగా వినిపించడం వరకే బాధ్యత తీసుకుంటాయి. నా మోడెమ్ నెమ్మదిగా ఉందని ఫిర్యాదు చేస్తే అది వారి పరిధిలోకి రాదని చెప్పవచ్చు. లైనులో గరగర వస్తోంది, వాన పడితే హమ్ వస్తోంది అని చెబితే అది వారు వినవలసిన ఫిర్యాదు. ఇందులో అబద్ధం ఏమీ లేదు, ఆ శబ్దమే మీ వేగాన్ని తింటోంది. లైన్‌మన్ వచ్చినప్పుడు మీరు రాసుకున్న కాగితం, శబ్దం వచ్చే వేళలు ఆయన ముందు పెడితే పని తేలికవుతుంది.

అడగదగినవాటిలో తేడాలు తెలుసుకోవాలి. చెమ్మ పట్టిన జాయింటును సరిచేయడం, చెడిన జతను కేబుల్‌లోని మరో మంచి జతకు మార్చడం అన్నవి అందరికీ మేలు చేసేవి. మొదట వీటినే అడగండి. పెయిర్ గెయిన్ పరికరాన్ని తీసి మీకు సొంత రాగి జత ఇవ్వడం అన్నిటికంటే పెద్ద మార్పు తెస్తుంది, ఎందుకంటే వి.34 గోడను కూల్చి వి.90ను సాధ్యం చేసేది అదే. కానీ కేబుల్‌లో ఖాళీ జత ఉంటేనే వారు అది చేయగలరు. మీరు ఎప్పుడు డయల్ చేసినా 26,400 లేదా 28,800 దాటకుండా, లైను మాత్రం నిశ్శబ్దంగా ఉంటే ఈ పరికరాన్నే మొదట అనుమానించండి.

లోడింగ్ కాయిల్స్ సంగతి కొంచెం చిక్కైనది. సుమారు అయిదున్నర కిలోమీటర్లు దాటిన లైన్లలో మాట మసకబారకుండా ఉండేందుకు 88 మిల్లీహెన్రీల కాయిల్స్‌ను 1,830 మీటర్లకు ఒకటి చొప్పున అమర్చేవారు. అవి 3,400 హెర్ట్జ్ దాకా సిగ్నల్‌ను చదునుగా ఉంచి, ఆ తరువాత నిటారుగా కోసేస్తాయి. వి.34 తన గరిష్ఠ వేగానికి సెకనుకు 3,429 సింబళ్లు పంపాలి, దానికి ఆ పై అంచు కూడా కావాలి. కాబట్టి కాయిల్స్ తీయిస్తే పై ఫ్రీక్వెన్సీలు తెరుచుకుంటాయి, కానీ నిజంగా పొడవైన లైనులో మాట బలహీనపడి, మొత్తం సిగ్నల్ తగ్గి, వేగం కూడా పడిపోవచ్చు. లైను పొట్టిదై ఉండి, పాత కాలపు కాయిల్ మరిచిపోయి మిగిలి ఉన్నప్పుడే ఇది తీయించడం తెలివైన ఎంపిక.

వాడకంలో లేని కేబుల్ శాఖలు, అంటే బ్రిడ్జ్డ్ ట్యాపులు తీయించమని కూడా చాలామంది చెబుతారు. ఆ సలహా డీఎస్ఎల్ ప్రపంచం నుంచి వచ్చింది. మాట్లాడే ఫ్రీక్వెన్సీలలో శాఖ చేసే హాని ప్రధానంగా దాని కెపాసిటెన్స్ వల్లే, కిలోమీటరుకు సుమారు 50 నానోఫారడ్లు. కొద్ది మీటర్ల శాఖ కోసం కంపెనీతో వాదించడం దండగ. కిలోమీటరు పొడవు శాఖ అయితే అడగవలసిందే. లైన్ కార్డు గెయిన్ (సిగ్నల్‌ను పెంచే మోతాదు) పెంచమనడం కూడా ఒక కోరికే, అయితే గెయిన్ పెంచితే శబ్దం, ప్రతిధ్వని కూడా పెరుగుతాయి కాబట్టి దాన్ని చివరికి ఉంచండి.

## అయిదవ మార్గం: మోడెమ్‌ను లైనుకు తగినట్లు అమర్చడం

లైనును మార్చలేనప్పుడు దానితో రాజీపడే విధం ఇది. ఇంత తక్కువ శ్రమతో ఇంత ఫలితం ఇచ్చే మార్గం మరొకటి లేదని నా అనుభవం. వి.90లో 49,333 దగ్గర కలిసి, పది నిమిషాలకోసారి రీట్రెయిన్ అవుతూ, చివరికి తెగిపోయే లైనులో గరిష్ఠ వేగాన్ని రెండు మూడు మెట్లు కిందికి, అంటే 45,333 దగ్గర కట్టేయండి. ప్లస్ ఎంఎస్ (+MS) కమాండులో ఏ ప్రమాణం, కనిష్ఠ వేగం ఎంత, గరిష్ఠ వేగం ఎంత అన్నవి ఇవ్వవచ్చు. వి.90 ఏ మాత్రం నిలవని లైనులో ఇదే కమాండుతో వి.34ను బలవంతంగా ఎంచుకుంటే, 31,200 నిలకడగా వచ్చి మొత్తం డేటా పెరగడం అరుదు కాదు.

కాల్ వెయిటింగ్ బీప్ వచ్చినప్పుడు లైను తెగిపోతుంటే, కంపెనీ ఇచ్చే రద్దు కోడ్‌ను నంబరు ముందు చేర్చి, మధ్యలో ఒక కామా పెట్టాలి. కామా మామూలుగా రెండు సెకన్ల విరామం ఇస్తుంది. రద్దు కోడ్ లేనిచోట ఎస్10 రిజిస్టర్‌ను పెంచితే, క్యారియర్, అంటే అవతలి మోడెమ్ సిగ్నల్, కాసేపు మాయమైనా మోడెమ్ ఓపిక పడుతుంది. దాని కొలత సెకనులో పదో వంతు. వాయిస్ మెయిల్ ఉన్నప్పుడు డయల్‌టోన్ తుంపులు తుంపులుగా వచ్చి మోడెమ్ డయల్ చేయనంటే ఎక్స్3 సెట్టింగు ఆ టోను కోసం ఆగకుండా చేస్తుంది. ఇవేవీ వేగాన్ని పెంచవు, కానీ ఖాళీగా పోయే సమయాన్ని మిగులుస్తాయి.

ప్రొవైడర్‌కు ఒకటికంటే ఎక్కువ డయల్ నంబర్లు ఉంటే వాటన్నిటినీ ప్రయత్నించడం కూడా ఇక్కడే చెప్పాలి. ఒక్కో నంబరు వెనుక పరికరాలు వేరు, మధ్యలోని దారి వేరు. పనిముట్టు ఏదీ అవసరం లేని పరీక్ష ఇది, పైగా అయిదు నిమిషాల్లో అయిపోతుంది. కాల్ చార్జీ ఏ నంబరుకు ఎంతో మాత్రం ముందే చూసుకోండి.

## ఆరవ మార్గం: రెండో లైను

మల్టీలింక్ పీపీపీ అనే పద్ధతిలో రెండు మోడెమ్‌లు, రెండు లైన్లు కలిసి ఒకే కనెక్షన్‌గా పనిచేస్తాయి. ప్రొవైడర్ కూడా దానికి ఒప్పుకోవాలి. వేగం దాదాపు రెట్టింపవుతుంది, ఖర్చు కూడా అంతే. ఒక ఉచ్చు మాత్రం చాలామందికి తెలియదు: కేబుల్‌లో ఖాళీ జత లేకపోతే కంపెనీ మీ పాత జత మీదే పెయిర్ గెయిన్ పెట్టి రెండో లైను ఇవ్వవచ్చు. అప్పుడు ఇదివరకు 46,667 ఇచ్చిన మొదటి లైను కూడా 26,400కు పడి, రెండూ కలిపినా ముందున్నదానికి పెద్దగా మించదు. దరఖాస్తు చేసేటప్పుడే రెండో లైనుకు విడి రాగి జత ఇస్తారా అని అడిగి, రాతపూర్వకంగా సమాధానం తీసుకోండి.

ఇంట్లో ఉన్నది అసలు రాగి లైను కాకుండా ఇంటర్నెట్ ఆధారిత వాయిస్ అడాప్టరు అయితే లెక్క మారిపోతుంది. అక్కడ జి.729 వంటి కుదింపు కోడెక్ మోడెమ్ ధ్వనిని గుర్తుపట్టలేనంతగా చెడగొడుతుంది. జి.711 ఎంచుకుని, ఎకో క్యాన్సిలర్‌ను, నిశ్శబ్దాన్ని కత్తిరించే సదుపాయాన్ని ఆపి, జిట్టర్ బఫర్‌ను (ప్యాకెట్ల రాకలో తేడాను సర్దే నిల్వ) స్థిరంగా ఉంచి, మోడెమ్ వేగాన్ని బాగా తగ్గించి కట్టేయడం ఒక్కటే ఆచరణీయం.

## ఒక చూపులో

| మార్గం | ఏ లోపానికి | వేగంలో లాభం | స్థిరత్వం | ఎవరు చేయాలి |
|---|---|---|---|---|
| పారలల్ పరికరాలు తీయడం | ఇంట్లో శబ్దం, అదనపు భారం | దోషి దొరికితే గణనీయం | పెరుగుతుంది | మీరే, ఖర్చు లేదు |
| నేరు మెలిజత తీగ | చదును తీగ, చిలుము పట్టిన జాయింట్లు | మొదటి పెట్టె దగ్గర వచ్చినంత | బాగా పెరుగుతుంది | మీరు లేదా వైరింగు తెలిసినవారు |
| ప్రొటెక్టరు మార్పు | లీకేజీ, రేడియో శబ్దం | స్వల్పం | కొంత | మీరే |
| జాయింటు, జత మార్పు | వానకు చెడే లైను | మధ్యస్థం | చాలా ఎక్కువ | కంపెనీ |
| పెయిర్ గెయిన్ తొలగింపు | వి.34 దాటని నిశ్శబ్ద లైను | అన్నిటికంటే ఎక్కువ | మారదు | కంపెనీ, ఖాళీ జత ఉంటేనే |
| మోడెమ్ వేగ పరిమితి | రీట్రెయిన్లు, తెగిపోవడం | అంకె తగ్గి, డేటా పెరుగుతుంది | చాలా ఎక్కువ | మీరే |
| రెండో లైను | మంచి లైనే చాలనప్పుడు | దాదాపు రెట్టింపు | మారదు | కంపెనీ, ప్రొవైడర్ |

## ఎవరికి ఏది

పెద్ద ఫైళ్లు దించుకునేవారికి సగటు వేగమే ప్రాణం. వారు మొదటి పెట్టె దగ్గర వచ్చే వేగాన్ని తమ గదిలోనూ సాధించడానికి నేరు తీగ లాగించుకుని, ఆ తరువాత వేగ పరిమితిని ఒక్కో మెట్టు దించుతూ ఒకే ఫైలును పలుమార్లు దించి కాలం కొలవాలి. పరీక్షకు జిప్ వంటి ముందే కుదించిన ఫైలు వాడాలి; టెక్స్ట్ ఫైలు వాడితే వి.42బిస్ కుదింపు వల్ల లైను వేగం గురించి తప్పుడు చిత్రం వస్తుంది. మంచి రాగి లైను ఇప్పటికే ఉండి, విడి జత దొరికే హామీ ఉంటేనే రెండో లైను ఆలోచించాలి.

ఆన్‌లైన్ ఆటలు ఆడేవారికి, దూరపు కంప్యూటర్‌లో టెర్మినల్ తెరిచి అక్షరం అక్షరం టైపు చేసేవారికి వేగం కంటే జాప్యం ముఖ్యం. లోపం వచ్చినప్పుడల్లా బ్లాకును మళ్లీ పంపాలి కాబట్టి శబ్దం ఉన్న లైను వారిని ఎక్కువ బాధిస్తుంది. పరిమితిని రెండు మెట్లు కాదు, నాలుగు మెట్లు దించడానికి కూడా వారు వెనుకాడవద్దు; కుదింపును ఆపితే జాప్యం మరికొంత తగ్గుతుంది.

అద్దె ఇంట్లో గోడలు తాకలేనివారు మోడెమ్‌నే మొదటి పెట్టె దగ్గరికి చేర్చాలి. బయటి మోడెమ్ అయితే ఫోన్ తీగను పొట్టిగా ఉంచి, కంప్యూటర్ వైపు సీరియల్ కేబుల్‌ను పొడిగించుకోవచ్చు. వెళ్లిపోయేటప్పుడు ఏదీ వదిలి వెళ్లనక్కరలేదు. ఆఫీసులో మార్పిడి రెండుసార్లు జరిపే పీబీఎక్స్ వెనుక ఉన్నవారు ఏ కమాండు మార్చినా వి.90 చూడలేరు. ఫ్యాక్స్ కోసం నేరుగా వచ్చే లైను చాలా ఆఫీసుల్లో ఉంటుంది, రాత్రివేళ దాన్ని వాడుకునే అనుమతి అడగడమే వారికి అన్నిటికంటే చవకైన దారి.

ఎక్స్ఛేంజీకి చాలా దూరంలో, అయిదారు కిలోమీటర్ల చివర ఉన్నవారికి నిజాయితీగా చెప్పవలసింది ఒకటుంది. జాయింట్లు బాగుండి, లైను నిశ్శబ్దంగా ఉండి, నిలకడగా 28,800 వస్తుంటే ఆ తీగ ఇవ్వగలిగింది ఇచ్చేసింది. ఇక ఆ ఇంటి వైరింగు మీద, కొత్త మోడెమ్‌ల మీద డబ్బు పెట్టవద్దు.

మీటరు రీడింగులకూ, రౌటర్ కన్సోల్‌కు అత్యవసర దారిగానూ మోడెమ్ వాడేవారి సంగతి పూర్తిగా వేరు. రెండు కిలోబైట్ల రీడింగు 9,600 వేగంతో రెండు సెకన్లలోపే వెళ్లిపోతుంది, వి.90 పలకరింపులకే ఇరవై సెకన్లకు పైగా పడుతుంది. వారు రెండు వైపులా మోడెమ్‌లను 14,400 బిట్ల వి.32బిస్‌కో, 9,600 బిట్ల వి.32కో కట్టేస్తే పలకరింపు పొట్టిదవుతుంది, చెడ్డ లైను మీద కూడా కాల్ కలుస్తుంది. ఆ పరిమితి ఎంత ఉండాలో నిర్ణయించేటప్పుడు వాన కురిసిన రోజు లాగ్‌ను ముందుంచుకోవాలి.